ఓబమ్మ చేయి పెట్టని కంకణం

“కుడిపక్క చివరి పాయ పట్టుకో. పట్టుకున్నావా? దాన్ని పక్కనున్న రెండింటి కింద దూర్చు. దూర్చి, ఒకదాని మీదగా ఎనక్కి తే.”

“యా ఒకదాని మీదగా అవ్వా?”

“పక్కదాని మీదగానే.”

“యా పక్కది?”

ఓబమ్మ తన రెండు చేతులనూ తొడల కింద పెట్టుకొని కూర్చుంది. అట్లా అదిమి పెట్టుకోకపోతే అవి ఆగవు. ఎదురుగా ఎనిమిదేళ్ళ మనవరాలు సునంద, తలుపు గొళ్ళేనికి నాలుగు ఉన్ని పాయలు తగిలించి, రెండు నల్లవి, రెండు తెల్లవి, చిక్కుబడిన జుట్టు పట్టుకున్నట్టు గుప్పిట్లో పట్టుకొని నిలబడింది. కొసలు విడివిడిగా పట్టుకోవలసిన తమ్ముడు శశికుమార్ గడప మీద కూర్చొని ఒక కొసను నోట్లో పెట్టుకొని నములుతున్నాడు.

“ఉమ్ముతావా లేదా రేయ్! అది మీ చిన్నాయన పెండ్లి కంకణానికి!”

“ఉప్పగా ఉండాదవ్వా.”

“గొర్రె బొచ్చు ఉప్పగా కాక తియ్యగా ఉంటాదా?”

మడకశిర పక్క గొర్రెలు కాచుకునే కురుబల పల్లె ఒకదానిలో, రెండువేల మూడో సంవత్సరం ఎండాకాలంలో సంగతి ఇది. వరసగా వానలు తప్పిన ఏళ్ళు. వేరుశనగ విత్తి, విత్తనం కూడా తిరిగి రాక, జనం కరువు పనికి కంకర కొట్టడానికి పోతున్నారు. అట్లాంటి ఏడాది ఓబమ్మ చిన్నకొడుకు తిప్పేష్‌కు పెండ్లి కుదిరింది. కరువులో పెండ్లేమిటి అంటే, కరువు పోయేదాకా ఆగేటట్టయితే ఈ సీమలో ఎవరికీ పెండ్లిళ్ళు కావు.

కురుబలలో ఉన్ని కంకణం వాళ్ళని ఒక తెగ, నూలు కంకణం వాళ్ళని ఒక తెగ. పెండ్లిలో వధూవరుల మణికట్టుకు కట్టే దారం ఒక తెగకు గొర్రె ఉన్నితో, ఇంకో తెగకు పత్తి నూలుతో ఉండాలి. ఎందుకని అడిగితే ఊరికొక కథ చెబుతారు, ఒక ఊరి కథ పక్క ఊళ్ళో ఒప్పుకోరు. కథల మాట ఎట్లా ఉన్నా, ఓబమ్మ అత్తవారిల్లు ఉన్ని కంకణం ఇల్లు. ఆ ఇంట్లో ఇంతవరకూ ఎవరి చేతికీ నూలు కంకణం పడలేదు. ఓబమ్మ కాపురానికి వచ్చినప్పటి నుంచీ ఆ ఇంటి ప్రతి పెండ్లికీ కంకణం ఆమే అల్లింది. వంకాయ తరిగినంత సులువుగా అల్లేది. నోటితో కోడలిని కసురుతూ, ఒక కన్ను పొయ్యిమీది సంగటి మీద ఉంచి, చూడకుండానే అల్లేది.

ఇప్పుడు అల్లడానికి లేదు. భర్త నాగన్న పోయి రెండేళ్ళయింది.

ముహూర్తం పెట్టుకున్న రోజునే నాగన్న అన్న ఎర్రప్ప, వంశానికి పెద్దవాడు, మెత్తగానే చెప్పాడు. “ఓబమ్మా, నీకు తెలీనిదేముండాది. ఈ తూరి దాన్ని నీ చెయ్యి తాకనీయద్దు. ముత్తైదువో, ఇంటి పసిబిడ్డలో అల్లాల.”

ఓబమ్మ తల ఊపింది. ఆ మాట ఆమెకు కొత్తది కాదు. తన మెడలో తాళి ఉన్న రోజుల్లో ఎన్ని పందిళ్ళలో ఎంతమందిని “నువ్వట్ల పక్కన కుచ్చో అక్కా” అని నవ్వుమొహంతోనే జరిపిందో ఆమెకే తెలుసు. అనేటప్పుడు అది ఎంత తేలిక మాట! వినేటప్పుడే దాని బరువు తెలిసేది.

అల్లిక తెలిసిన ముత్తైదువలు వంశంలో ఇద్దరున్నారు. ఇద్దరూ బెంగుళూరులో మేడలు కట్టే పనికి పోయి ఉన్నారు, పెండ్లి రోజు పొద్దున బస్సు దిగుతారు. కంకణాలేమో ముందురోజే కులదేవుడు బీరప్ప గుడిలో పెట్టాలి. పెద్దకోడలు మల్లీశ్వరి ఒక సాయంత్రం కూర్చొని చూసింది. పొద్దంతా కంకర మోసిన చేతులు ఆమెవి, పగిలిన చర్మానికి ఉన్ని పోగులు పట్టుకొని లేస్తున్నాయి. కాసేపటికే లేచి చీర దులుపుకుంది.

“నాకు మూడు పాయల జడొక్కటే వచ్చు అత్తా. మడకశిర గాజులంగట్లో పసుపుదారం కంకణాలు కట్టలు కట్టలు వేలాడతాండాయి. రెండు తెచ్చుకుంటే పాయె. ఎవురు సూడొచ్చినారు?”

“మీ మామ సూస్తాడు.”

“ఆయప్ప పైనుంచి సూసేటట్టయితే ముందు వాన పంపీమను.”

ఆ మాటకు ఓబమ్మకు ఇంకా కోపం వచ్చింది. ఆ కోపంలోనే అన్నది: “పిల్లోళ్ళకు నేర్పిస్తా. కంకణం మాత్రం నూలుది కానీయను.”

అన్నంత సులువు కాలేదు నేర్పడం. నాలుగు పాయల అల్లిక అంటే చెప్పుకోవడానికి ఏమీ లేదు. ఒకసారి కుడి చివరిది, ఒకసారి ఎడమ చివరిది, రెండింటి కింద దూరి, ఒకదాని మీదుగా తిరిగి తన వైపుకే రావాలి. సరిగ్గా పడితే నలుపు తెలుపు మెలికలు తిరుగుతూ గుండ్రటి తాడవుతుంది. చెప్పడం ఇంతే. కానీ చేతికి తెలిసినదాన్ని నోటితో పలికించబోతే, కన్నడ మాట్లాడేవాడిని అరవంలో సాక్ష్యం చెప్పమన్నట్టు ఉంటుంది. ఈతకూ, సైకిలుకూ, రొట్టె కాల్చడానికీ కూడా పుస్తకాలున్నాయి. బాణం గుర్తులతో బొమ్మలుంటాయి, ‘ఇప్పుడు పై విధంగా చేయుము’ అని కింద రాసి ఉంటుంది. ఆ పుస్తకం చదివి చెరువు దాటినవాడు ఇంతవరకూ కనబడలేదు.

ఉన్ని తాకకూడదన్నారు గానీ పాతగుడ్డ తాకకూడదని ఎవరూ అనలేదు. ఆ ఆలోచన వచ్చి ఓబమ్మ చీరపేలికలు నాలుగు చించి మంచంకోడుకు కట్టింది. “సూడండి” అని అల్లింది. వేళ్ళు జొన్నకంకి మీద పిచ్చుకల్లా ఆడాయి. కళ్ళు మూసి తెరిచేలోపు జానెడు తాడు దిగింది.

“మెల్లగా అవ్వా, మాకు కనపడల్యా.”

మెల్లగా అల్లింది. రెండు మలుపులు తిరిగేసరికి చేయి ఆగిపోయింది. ఇప్పుడు ఏది పోవాలి? కుడిదా, ఎడమదా? వేగంగా పోతున్నంతసేపూ వేళ్ళకు దారి తెలుసు. మెల్లగా నడిపిస్తే అవి తడబడి తలను అడుగుతున్నాయి. తలకు ఏనాడు తెలుసు గనక? విప్పి మళ్ళీ మొదలుపెట్టింది. మళ్ళీ అక్కడే ఆగింది.

“అవ్వకే రాదు రా!” అని శశికుమార్ చప్పట్లు కొట్టాడు.

అంత అవమానం ఓబమ్మకు ఈమధ్య కాలంలో జరగలేదు. పేలికలు పీకి పొయ్యిలో పారేసింది.

ఇక్కడ తాడు మాట కొంచెం చెప్పుకోవాలి. ఒకప్పుడు ఈ మెట్టలో తాడు లేకపోతే పొద్దు గడిచేది కాదు. ఎద్దులతో నీళ్ళు తోడే కపిల బావికి మోకులు, ఎద్దుకు ముక్కుతాడు, పిట్టలను తోలడానికి వడిసెల, కుండకు ఉట్టి, దేనికది వేరే అల్లిక. బోర్లు వచ్చి కపిలలు పోయాయి, కపిలతో మోకు పోయింది. బోర్లు కూడా ఎండిపోయాయి, అది వేరే సంగతి. ఇప్పుడు తాడంటే అంగట్లో తూకానికి అమ్మే నీలం ప్లాస్టిక్కు. సముద్రాల అవతల ఎక్కడో కొండల్లో ఒక జాతివాళ్ళు రాత లేక తాళ్ళకు ముళ్ళు వేసి రాజ్యం లెక్కలన్నీ దాచుకున్నారట. ఆ ముళ్ళు ఇప్పటికీ అద్దాల పెట్టెల్లో భద్రంగా ఉన్నాయి, వాటిని చదివేవాళ్ళే పోయారు. ఓబమ్మకు ఆ జాతి సంగతి తెలియదు. తన వేళ్ళలో ఉన్నది ఎవరికీ అందకుండా తనతోనే కాటికి పోతుందేమోనన్న భయం మాత్రం ఆ వారమంతా ఆమెను వదల్లేదు.

దానికి తోడు ఉన్ని. ఇంటి మందలోని గొర్రె ఉన్నే కావాలి, మంద ఏమో లేదు. మేత లేక, నీళ్ళు లేక, నాగన్న బతికుండగానే రెండు విడతలుగా అమ్మేశారు. సునందకు ఊహ తెలిసేసరికి ఇంట్లో మిగిలింది ఒక్క పొట్టేలు. దాన్ని కూడా పోయినేడు పెద్దకొడుకు నరసింహప్ప కసాయి టెంపోకు బిగించి కట్టి పంపేశాడు. పిల్లలిద్దరూ గోడెక్కి చూశారు, ఏడ్చారు, తర్వాత టెంపో హారను బాగుందని చెప్పుకున్నారు. ఇక మిగిలింది దుత్తలో నాగన్న తన కదురుతో వడికి పెట్టిపోయిన రెండు ఉండలు, ఒకటి నలుపు, ఒకటి తెలుపు. అల్లి విప్పిన ప్రతిసారీ దారం పీచుపీచుగా రేగి, పనికిరాని ముక్క తెగిపోతోంది. ఉండలు చూస్తూ చూస్తూ ఉండగానే నిమ్మకాయలంత అయ్యాయి.

ఒకరోజు సునంద నిలబడి నిలబడి కాళ్ళు లాగుతున్నాయని పాయలను కాలి బొటనవేలికి తగిలించుకొని కూర్చుంది. బయటినుంచి వచ్చిన ఓబమ్మ చూసి కెవ్వుమంది.

“దేవునికాడ పెట్టే కంకణాన్ని కాలికి తగిలిస్తావా? పాపిష్టిదానా! తీయ్!”

సునంద బెదిరి కాలు లాక్కుంది. తెల్లపాయ పుటుక్కున తెగింది. ఓబమ్మ తల పట్టుకుంది. మనవరాలు ఏడుపు మొదలుపెట్టింది.

“నువ్వు చెప్పేది అర్థం కాదు. నేను చేసేది నీకు బాగుండదు. నువ్వే అల్లుకో పో!”

“అల్లుకోగలిగితే నీ కాళ్ళు పట్టుకుంటానా నేను?”

“యాల అల్లుకోగూడదు?”

యాల అంటే ఏం చెబుతుంది? మీ తాత చచ్చిపోయినాడు కాబట్టి నా చేతులకు మైల పట్టింది అని ఎనిమిదేళ్ళ పిల్లకు చెప్పాలా? “నోరు మూసుకొని ఎడమపక్కది పట్టుకో” అన్నది.

ఇన్ని తిట్లు, ఇన్ని ఏడుపుల మధ్య, అల్లిక ఎట్లా వచ్చిందో ఎవరికీ తెలియదు. పెండ్లికి రెండు రోజుల ముందు, అవ్వ పెరట్లో పిడకలు ఏరుకుంటూ చూడని సమయంలో, సునంద తనలో తాను ఏదో గొణుక్కుంటూ అల్లేసింది. శశికుమార్ ఎప్పుడూ లేనిది కొసలు వదలకుండా పట్టుకున్నాడు. ఓబమ్మ వచ్చి చూసేసరికి రెండు కంకణాలు గొళ్ళేనికి వేలాడుతున్నాయి. మొదట్లో లావు, మధ్యలో సన్నం, ఒకచోట బల్లి మింగిన పురుగులా ఉబ్బు. చేతులు వాటంతటవే కంకణాల మీదికి పోబోయాయి. వెనక్కి లాక్కుంది.

“బాగుండాదా అవ్వా?”

“కంకణం మాదిరి ఉండాది” అన్నది ఓబమ్మ. అంతకంటే మంచిమాట ఆమె నోట రాలేదు.

ఆ ఇంట్లో అల్లిన చేతులే పందిట్లో కంకణం కట్టాలని ఆచారం. పెండ్లి పొద్దున, కొత్త గౌను వేసుకొని సునంద వెనుకగదికి వచ్చింది. ఓబమ్మ అక్కడే ఉంది, అక్కడే ఉండాలి. పందిట్లో డోలు మొదలైంది.

“అవ్వా, చేతికి చుట్టినాక ముడి ఎట్ల ఎయ్యాల?”

ముడి సంగతి! వారం రోజుల అల్లిక గొడవలో ఓబమ్మకు అది తట్టనే లేదు. కంకణానికి వేసే ముడి ఒకటే. కొస మడిచి దోపి వదిలేది, ఎంత ఆడినా జారదు, పొట్టి కొసను లాగితే మాత్రం వెంటనే ఊడుతుంది. మందలో గొర్రెపిల్లలను కట్టేది ఆ ముడితోనే. తోడేలు వస్తే ఒక్క లాగుతో విడిపించాలి కదా. పెండ్లిలో కూడా దానితోనే పని. మర్నాడు పెండ్లికొడుకు ఒంటిచేత్తో పెండ్లికూతురి కంకణం విప్పాలి, ఆమె రెండు చేతులతో అతనిది విప్పాలి.

పేలిక వెతికి చూపించే ఓపిక ఓబమ్మకు లేదు. బయట ఎర్రప్ప “యాడికి పాయె ఆ పాప?” అని కేకేస్తున్నాడు.

“గొర్రెకు ఏసే ముడి లేదా? మన ఇండ్లల్లో గొర్రెను కడతారే, అదే ఎయ్యి.”

“ఓ, అదా! తెలుసవ్వా!”

ఈ వారంలో మనవరాలి నోట ‘తెలుసు’ అన్న మాట రావడం అదే మొదలు. ఆ మాట చెవిన పడగానే ఓబమ్మకు ప్రాణం లేచొచ్చింది. ఇంకేమీ అడగలేదు. అడిగి ఉంటే బాగుండేది.

పెండ్లి జరిగింది. సాయంత్రం పసుపునీళ్ళ బిందెలో ఉంగరం వెతికే ఆట జరిగింది. వధూవరులు పోటీపడి మోచేతుల దాకా చేతులు ముంచారు. తడిసిన ఉన్ని ఆరుతూ ఎట్లా బిగుస్తుందో కంబళి ఉతికినవాళ్ళకు తెలుసు.

మర్నాడు పొద్దున కంకణాలు విప్పే వేడుక. ఓబమ్మ వెనుకగదిలో గోడకు ఆనుకొని వింటోంది. మొదట నవ్వులు వినిపించాయి. తర్వాత పెండ్లికూతురి పక్కవాళ్ళ ఎగతాళి.

“ఒంటిచేత్తో ముడి ఇప్పే చాత కాలేదు, రేపు కాపురమేం జేస్తాడమ్మా ఈయప్ప!”

“ఏయ్, మీ పిల్ల రెండు చేతులతోనే ఇప్పలేకపాయె, మావోనికేనా చెప్పేది?”

“ఉన్ని కంకణం వాళ్ళంటే ఏమో అనుకొంటిమి. ఇది కంకణం కాదప్పా, సంకెల!”

నవ్వులు తగ్గాయి. గుసగుసలు పెరిగాయి. ఎవరో బ్లేడు తెమ్మన్నారు. “ఇనుము తగిలించద్దు! కోస్తే కొంపకు అరిష్టం!” అని ఎర్రప్ప అరిచాడు. పెండ్లికూతురు ఈశ్వరికి గోరు విరిగిందట. అంతలో సునంద వగరుస్తూ వచ్చింది.

“అవ్వా, ఊడి రాల్యా.”

“ఏం ముడి ఏసినావే?”

“నువ్వు చెప్పిందే. గొర్రెకు ఏసేది. నాయన టెంపోలో పొట్టేలుకు ఏస్తే సూసినా కదా. రెండు తూర్లు చుట్టి, కాలు తన్నిపెట్టి లాగేది. నేను కూడా చిన్నాయన మోకాలికి కాలు తన్నిపెట్టే లాగినా.”

ఆ పిల్ల తప్పేముంది? ఈ ఇంట్లో గొర్రెను విప్పడానికి కట్టిన రోజులు ఆ పిల్ల చూడలేదు. చూసింది కసాయికి కట్టిన ఒక్క కట్టు.

“ఫో. పోయి చెప్పు. బొటనేలితో లోపలి మడతను ముందుకు తొయ్యమను.”

సునంద ఉరికి, అంత వేగంగానే తిరిగి వచ్చింది. “యా లోపలి మడత అని అడగతాండారు.”

“పైచుట్టు కింద ఉండేది!”

మళ్ళీ ఉరికింది, మళ్ళీ వచ్చింది. “యా పైచుట్టు?”

ఓబమ్మ గోడకేసి తల ఆనించి కళ్ళు మూసుకుంది. మళ్ళీ అదే నోరు, మళ్ళీ అదే పని. కళ్ళు తెరిచేసరికి గడప దగ్గర ఎర్రప్ప నిలబడి ఉన్నాడు. తలపాగా చేతిలో ఉంది.

“ఓబమ్మా, లెయ్. రా.”

“నా చెయ్యి తగలగూడదంటివి కదా బావా.”

“అల్లేదానికి, కట్టేదానికి అంటి. ఇప్పేదానికి అంటినా?”

“అట్లని ఎవురు చెప్పినారు?”

“ఇప్పుడు నేను చెప్తాండా. లెయ్ తల్లీ, వియ్యంకుల ముందర మర్యాద పోతాండాది.”

ఇన్ని రోజులు చేతులను తొడల కింద అదిమిపెట్టించిన ఆచారం అవసరం పడేసరికి ఎంత తేలిగ్గా పక్కకు జరిగిందో చూసి ఓబమ్మకు ఒళ్ళు మండింది. రానని అనేదే. కానీ అవతల కొడుకు చెయ్యి వాచి ఉంటుంది. లేచింది. గూట్లోంచి నాగన్న వెదురు కదురు తీసుకుంది. పందిట్లో జనం పక్కకు తొలిగారు. ఎవరి మొహమూ చూడకుండా పోయి పీట ముందు కూర్చొని, తిప్పేష్ చెయ్యి ఒళ్ళో పెట్టుకుంది.

అప్పుడు మొదటిసారి ఆ కంకణం ఆమె వేళ్ళకు తగిలింది. ముడి కంటే ముందు వేళ్ళు అల్లిక మీదకే పోయాయి. ఉబ్బు దగ్గర తప్పు, దాని ముందు తప్పు. ఆ తర్వాత బెత్తెడు మేర ఒక్క తప్పు లేదు. చెప్పింది చెప్పినట్టు, రెండింటి కింద, ఒకదాని మీద.

“నొప్పి పుడతాందా?”

“లేదుమా.”

“అబద్ధాలాడద్దు.”

కదురు మొన ముడిలోకి దించి, అటూ ఇటూ ఆడించి, ఒక మడత, దాని కింద ఇంకో మడత లేపింది. పెండ్లికూతురిది కూడా అట్లాగే. పూర్తిగా విప్పలేదు. చివరి చుట్టు దగ్గర ఆపి, “ఇంక మీరు మీరు లాక్కోండి” అని లేచింది. వెనుక నవ్వులు, డోలు మళ్ళీ మొదలయ్యాయి. పందిట్లో కూర్చోమని ఎవరో అన్నారు. ఎవరన్నారో కూడా చూడకుండా వెనుకగదికి పోయింది.

విప్పిన కంకణాలను ఎర్రప్ప పళ్ళెంలో పెట్టి వెనుకగదికి పంపించాడు. సాయంత్రం బీరప్ప గుడికి చేర్చేదాకా వాటితో ఎవరికీ పని లేదు, ఎవరి చెయ్యి తగిలినా తప్పు లేదు. పళ్ళెం తెచ్చింది సునందే. పెట్టి వెళ్ళబోతుంటే ఓబమ్మ మణికట్టు పట్టుకుంది.

“కుచ్చో.”

“బూందీ పెడతాండారవ్వా.”

“బూందీ యాడికీ పోదు.”

కంకణం ఒక కొసను తలుపు గొళ్ళేనికి కట్టి, రెండో కొసను మనవరాలి చేతికి చుట్టి, మడిచి, దోపి వదిలింది. “ఇది గొర్రెపిల్ల ముడి. ఇప్పుకొని పో.”

సునంద గోళ్ళతో గీకడం మొదలుపెట్టింది.

“గోర్లు ఎత్తుకో. ఆ పొట్టి కొస లాగు.”

లాగింది. చెయ్యి ఒక్కసారిగా ఊడి వచ్చింది. పిల్ల ఆ ఊపుకు వెనక్కి పడబోయి, నిలదొక్కుకొని, తన మణికట్టును తిప్పి తిప్పి చూసుకుంది.

“ఇంతేనా?”

“ఇంతే.”

“ఈ మాట నిన్ననే చెప్పొచ్చు కదవ్వా!”

ఓబమ్మ నోరు తెరిచింది. తగిన తిట్టు దొరికేలోపే పిల్ల పందిట్లోకి ఉరికింది. గొళ్ళేనికి కంకణం ఒంటిగా వేలాడుతోంది. ఎప్పుడొచ్చాడో, శశికుమార్ గడప మీద కూర్చొని దాని కొసను అందుకొని నోట్లో పెట్టుకున్నాడు.

“ఉప్పు పోయిందవ్వా. పసుపు కొడతాండాది.”